బ్రిటన్‌లో మంచి రియల్ ఏల్ దొరికే పబ్బును పట్టుకోవడం ఎలా?

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వచ్చి, కొన్నాళ్ళు లాగర్ (మనకి అలవాటైన చల్లటి, బుడగల బీరు) తాగి విసుగెత్తాక మనవాళ్ళు అడిగే మాట ఒకటే: "మంచి రియల్ ఏల్ ఎక్కడ దొరుకుతుంది? రెండు పబ్బుల పేర్లు చెప్పండి." రియల్ ఏల్ అంటే పీపాలోనే పులియడం పూర్తయ్యే సంప్రదాయపు బ్రిటిష్ బీరు. పేర్లు కింద ఉన్నాయి. కానీ పేరు మాత్రమే పట్టుకుని వెళ్ళినవాళ్ళు చాలామంది "ఏముంది ఇందులో, చల్లారిపోయిన చేదు కషాయం" అని మొహం చిట్లించుకుని తిరిగొస్తారు. పబ్ మంచిదే అయ్యుంటుంది. ఆ రోజు ఆ పీపా అడుగంటి ఉంటుంది, అంతే.

కల్లు సంగతి తెలిసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పొద్దున దించిన ఈతకల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కే కొద్దీ ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసిపోతుంది. ఫలానా తోటలో కల్లు బాగుంటుందని ఎవరైనా చెబితే "ఎప్పుడు దించింది?" అనే కదా మొదట అడుగుతాం. రియల్ ఏల్ కూడా అలాంటి ప్రాణమున్న సరుకే. బ్రూవరీలో సగం పని అవుతుంది. ఈస్ట్ ఇంకా బతికి ఉండగానే పీపాలోకి నింపి పంపిస్తారు. మిగతా పులియడం పబ్ కింద ఉన్న సెల్లార్‌లో జరుగుతుంది. కెగ్ బీరులా గ్యాస్ పెట్టి పైకి తోయరు. ఎక్కువగా చేత్తో పంపు లాగి తోడతారు. తోడిన ప్రతి పైంటుకీ (568 మిల్లీలీటర్లు) అంత గాలి పీపాలోకి వెళ్తుంది. అందుకే తెరిచిన పీపా మూడు రోజుల్లో ఖాళీ కావాలి. ఈ ఒక్క లెక్క గుర్తుంటే తక్కినదంతా మీరే పట్టుకోగలరు.

కావలసినవి

- వయసు రుజువు. 18 నిండితే చాలు గానీ, 25 లోపు కనిపిస్తే చాలాచోట్ల అడుగుతారు. పాస్‌పోర్ట్ వెంట తిప్పడం ఇష్టం లేకపోతే బ్రిటిష్ ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ తీసుకోండి. అది పోయినా పాస్‌పోర్ట్ పోయినంత తలనొప్పి ఉండదు.
- రియల్ ఏల్ కోసం పోరాడే క్యామ్రా సంఘం వారి గుడ్ బీర్ గైడ్. ఏటా కొత్తది వస్తుంది, సుమారు 4,500 పబ్బులుంటాయి.
- ఫోన్‌లో కాస్క్‌ఫైండర్ యాప్.
- కడుపులో కాస్త తిండి.
- కారు తాళాలు ఇంట్లోనే వదిలేయండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి ఇంగ్లండ్, వేల్స్‌లో 80 మిల్లీగ్రాములు, స్కాట్లండ్‌లో 50.

1. ముందు జాబితా రాసుకోండి

క్యామ్రా అంటే 1971లో మొదలైన తాగేవాళ్ళ ఉద్యమం. అప్పట్లో పెద్ద బ్రూవరీలన్నీ కెగ్ వైపు మళ్ళుతుంటే అడ్డం పడింది వీళ్ళే. గైడ్‌లోకి ఏ పబ్ ఎక్కాలో ఆయా ఊళ్ళ సభ్యులే ఏడాది పొడవునా తాగి చూసి తేలుస్తారు. డబ్బు కట్టి ఎక్కడానికి వీల్లేదు. అందుకే నెట్‌లో కనిపించే నక్షత్రాల కంటే దీన్ని నమ్మవచ్చు. ఆ నక్షత్రాల్లో సగం బర్గర్‌కీ, తోటలో బల్లలకీ పడినవి.

కాస్క్ అంటే రియల్ ఏల్ వచ్చే పీపా. కాస్క్ మార్క్ అనే గుర్తింపు వేరు. పబ్ రుసుము కట్టి చేరుతుంది. ఆ తర్వాత పరీక్షకులు చెప్పకుండా వచ్చి బీరు వేడిమి, రంగు, వాసన, రుచి చూస్తారు. తలుపు దగ్గర ఫలకం కనిపిస్తే సెల్లార్ సరిగ్గా నడుస్తోందని అర్థం. అంటే కనీస భరోసా ఉన్నట్టు. గొప్ప పబ్ అని మాత్రం కాదు.

రెండు చోట్లా ఉన్న పబ్బులకి మొదటి వరస. ఆ ఊరి క్యామ్రా శాఖ "పబ్ ఆఫ్ ది ఇయర్" ఇచ్చినదైతే ఇంకా పైన రాసుకోండి.

2. రోజు, వేళ చూసుకోండి

వారాంతంలో పీపాలు గబగబా ఖాళీ అవుతాయి కాబట్టి గురు, శుక్ర, శనివారాల్లో తాజా సరుకు దొరికే అవకాశం ఎక్కువ. సోమవారం రాత్రి అనుమానంగానే వెళ్ళండి. ఆదివారం మిగిలిందే ఇంకా పోస్తుండవచ్చు.

తలుపులు తెరవగానే మొదటి పైంటు మీది కాకుండా చూసుకోండి. రాత్రంతా గొట్టంలో, పంపు సిలిండర్‌లో నిలిచిన బీరే ముందు బయటికొస్తుంది. మంచి పబ్ దాన్ని లాగి పారబోశాకే అమ్మకం మొదలుపెడుతుంది. పిసినారి పబ్ మీ గ్లాసులో పోస్తుంది.

3. కౌంటర్ దగ్గర లెక్క వేయండి

ఇక్కడ తొందరపడకండి. ఆర్డర్ చెప్పకముందు అర నిమిషం నిలబడి చూస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

ముందు పొడుగాటి హ్యాండ్ పంపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాడుకలో ఎక్కువగా ఉండే పీపా పేరు ఫర్కిన్. 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు. దీనికి రెట్టింపు కిల్డర్‌కిన్, 144 పైంట్లు. సగం ఉండేది పిన్, 36 పైంట్లు. ఎనిమిది పంపులు, ఎనిమిది ఫర్కిన్‌లు అనుకుంటే 576 పైంట్లు. మూడు రోజుల్లో ఖాళీ కావాలంటే రోజుకి 190 పైచిలుకు పైంట్ల ఏల్ అమ్ముడుపోవాలి. ఇప్పుడు చుట్టూ చూడండి. పన్నెండు మంది ఉన్నారు, ఎనిమిది మంది చేతుల్లో లాగర్, ఇద్దరిది కోక్. మరి ఆ పీపాలు ఎప్పటికి ఖాళీ అవుతాయి? ఇలాంటి చోట ఎనిమిది పంపులు ఉండటం ఆకర్షణ కాదు, ప్రమాద సూచిక. రెండే పంపులుండి, రెండూ చకచకా నడిచే పబ్ దీనికంటే ఎంతో నయం.

తర్వాత పంపు ముందు తగిలించిన బీరు పేరు బిళ్ళ చూడండి. దాన్నే పంప్ క్లిప్ అంటారు. క్లిప్‌ను వెనక్కి తిప్పి ఉంచితే ఆ పీపా అయిపోయిందనో, కొత్తది ఇంకా తేరుకోలేదనో అర్థం. రెండు మూడు క్లిప్‌లు తిరగేసి ఉంటే నిరాశపడకండి. పాడైనదాన్ని పోయకుండా ఆపే మనిషి లోపల ఉన్నాడన్నమాట.

మూడోది, అక్కడి పాతకాపులు ఏం తాగుతున్నారో గమనించండి. ముగ్గురు ముసలాయనలు ఒకే పంపు వైపు వేలు చూపిస్తుంటే మీరూ అదే అడగండి.

ఒక హెచ్చరిక. హ్యాండ్ పంపు కనిపించినంత మాత్రాన అది రియల్ ఏల్ అనుకోవద్దు. ఈమధ్య కొన్నిచోట్ల కెగ్ బీరును కూడా హ్యాండ్ పంపు గుండా పోస్తున్నారు. అనుమానం ఉంటే "ఇది కాస్కేనా?" అని సూటిగా అడగండి. దీనికి తటపటాయిస్తే వేరే పంపు చూసుకోండి.

4. అడగండి, రుచి చూడండి

పబ్బులో వరసలో నిలబడే పని లేదు. కౌంటర్ పొడుగునా ఎక్కడైనా నిలబడవచ్చు. మీకంటే ముందు ఎవరు వచ్చారో అవతలివాళ్ళకి తెలుసు, మీరూ గుర్తుంచుకోవాలి. నోటు ఊపడం, చిటికె వేయడం చేశారంటే మీ వంతు చివరికి పోయినట్టే.

మీ వంతు రాగానే "ఏది మంచిది?" అనకండి. "అన్నీ మంచివే" అంటారు. "ఇవాళ ఏది బాగా నడుస్తోంది? ఏ పీపా కొత్తగా తెరిచారు?" అని అడగండి. ఈ ప్రశ్న వినగానే తెలిసిన మనిషి మొహం వెలుగుతుంది.

రుచికి గుటకెడు పోసివ్వమనవచ్చు, చాలా పబ్బులు పైసా తీసుకోకుండా ఇస్తాయి. రెండు, మహా అయితే మూడు. శుక్రవారం రాత్రి జనం తొక్కిసలాడుతుంటే ఒక్కటి చాలు. అదీ మొహమాటమైతే అర పైంటు తీసుకోండి, 284 మిల్లీలీటర్లు. మూడో వంతు పైంటు కొలతా ఉంది. కొన్నిచోట్ల మూడు రకాలు మూడు చిన్న గ్లాసుల్లో పెట్టిస్తారు, కొత్తవాళ్ళకి ఇదే మంచి దారి.

ఏ రకంతో మొదలుపెట్టాలి? చేదు అలవాటు లేనివాళ్ళు చేదు తక్కువుండే మైల్డ్‌తో మొదలుపెట్టండి. అందులో ఆల్కహాల్ సాధారణంగా 3 నుంచి 3.6 శాతమే ఉంటుంది. ఆ తర్వాత బిట్టర్. హార్వీస్ సస్సెక్స్ బెస్ట్ (4 శాతం), టిమొతీ టేలర్ ల్యాండ్‌లార్డ్ (4.3 శాతం) లాంటివి బిట్టర్ అంటే ఏమిటో నేర్పుతాయి. కాఫీ, చాక్లెట్ రుచులు ఇష్టమైతే పోర్టర్. ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) పేరులో ఇండియా చూసి మురిసిపోయి మొదటే దాని జోలికి వెళ్ళకండి. ఒకప్పుడు ఓడల్లో మద్రాసుకీ కలకత్తాకీ వెళ్ళిన బీరు వంశమే అది, కానీ ఇప్పుడు ఆ పేరుతో 4 శాతం లోపువీ ఉన్నాయి, 7 దాటినవీ ఉన్నాయి. క్లిప్ మీద అంకె చూశాకే అడగండి.

5. పైంటు చేతికొచ్చాక పరీక్షించండి

*కన్ను.* వెలుగుకి ఎత్తి చూడండి. తేటగా మెరవాలి. మబ్బుగా ఉంటే మూడు కారణాలు ఉండవచ్చు: పీపా అడుగున మడ్డి లేచింది, లేదా సెల్లార్ మరీ చల్లగా ఉంది, లేదా ఆ బీరు తయారీయే అంత. మూడోదైతే క్లిప్ మీదో పలక మీదో మసకగా ఉంటుందని రాసి ఉంటుంది. రాయకపోతే అడగండి. రుచి శుభ్రంగా ఉంటే మసక వల్ల వచ్చిన నష్టమేమీ లేదు.

*చెయ్యి.* గ్లాసు 11 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. అంటే ఫ్రిజ్ నీళ్ళంత కాదు, కుండనీళ్ళ కంటే కాస్త ఎక్కువ చల్లన. "ఇంగ్లిషు బీరు వెచ్చగా ఉంటుంది" అన్న మాట నమ్మి గోరువెచ్చటి పైంటు తాగేయకండి. అది సెల్లార్ తప్పు.

*నురగ.* లండన్‌లో పల్చగా, యార్క్‌షైర్‌లో మీగడలా మందంగా ఉంటుంది. ఉత్తరాదిన పంపు మూతికి సన్నని బెజ్జాల ప్లాస్టిక్ ముక్క తగిలిస్తారు, దాని పేరు స్పార్క్‌లర్. అది వద్దంటే తీసి పోస్తారు. నురగ మరీ మందంగా ఉండి బీరు తక్కువైందనిపిస్తే "టాప్ అప్ ప్లీజ్" అనండి. మొహమాటపడే పని లేదు, మీరు డబ్బు కట్టింది 568 మిల్లీలీటర్లకి. తాగుతుంటే గ్లాసు లోపల నురగ ఉంగరాల్లా అంటుకుంటూ దిగాలి. జారిపోయి గోడలు నున్నగా మిగిలితే చాలావరకు గ్లాసుకి జిడ్డో, సబ్బో అంటుకుని ఉంది.

*ముక్కు, నాలుక.* తప్పులన్నీ ఇక్కడే దొరుకుతాయి:

- పులిసిన కల్లు, వెనిగర్ వాసన: పీపా తెరిచి చాలా రోజులైంది. తిరిగి ఇచ్చేయండి.
- తడిసిన అట్టపెట్టె రుచి: గాలి తగిలి పాతబడింది.
- డెట్టాల్ వాసన: గొట్టాలో గ్లాసులో కడిగిన రసాయనం మిగిలింది, లేదా బ్రూవరీలోనే తప్పు జరిగింది. ఒక్క గుటక కూడా ఎక్కువే.
- కాచిన వెన్న, టాఫీ వాసన: ఈస్ట్ పని పూర్తికాలేదు. కొన్ని బిట్టర్లలో లీలగా ఉండటం మామూలే, నోరంతా జిడ్డుగా పరుచుకుంటే తప్పు.
- పచ్చి యాపిల్ వాసన: తొందరపడి తెరిచారు, ఇంకా పచ్చిగా ఉంది.
- బుడగలు లేక చప్పగా: పీపా పైనున్న బెజ్జానికి బిగించే గట్టి బిరడా రాత్రి పెట్టడం మరిచిపోయారు. లోపలున్న కాస్త గ్యాసూ ఎగిరిపోయింది.

అగ్గిపుల్ల గీసినట్టు గంధకం వాసన వస్తే మాత్రం తొందరపడి నింద వేయకండి. బర్టన్ ఊరి నీళ్ళలో జిప్సం ఎక్కువ, అక్కడి సంప్రదాయపు బీర్లకి ఆ వాసన పుట్టుకతో వస్తుంది. పెడిగ్రీ, డ్రాట్ బాస్ లాంటివి తాగేటప్పుడు తగిలితే రెండు నిమిషాలు ఆగండి, పోతుంది.

6. బాగా లేకపోతే వెనక్కి ఇవ్వండి

మనవాళ్ళు ఎక్కువగా తప్పేది ఈ మెట్టు దగ్గరే. ఆరు పౌండ్లు పోతే పోయాయని మూతి ముడుచుకుని తాగేస్తారు, లేకపోతే ముప్పావు తాగాక గొడవకి దిగుతారు. రెండు గుటకలకే గ్లాసు పట్టుకుని కౌంటర్‌కి వెళ్ళండి. "ఇది కాస్త తేడాగా ఉంది, ఒకసారి చూస్తారా?" అంటే చాలు. మంచి పబ్ మారు మాట్లాడకుండా ఇంకోటి పోస్తుంది, ఆ పంపు క్లిప్ తిప్పేస్తుంది. "రియల్ ఏల్ అంటే అంతే" అన్న జవాబు వస్తే ఆ పబ్ పేరు మీ జాబితాలో కొట్టేయండి.

కానీ చేదుగా ఉందనీ, నచ్చలేదనీ వెనక్కి ఇవ్వకూడదు. కాకరకాయ కూర చేదుగా ఉందని వండినామెని తిట్టినట్టుంటుంది. రుచి చూడమన్నది ఇందుకే.

7. మార్కులు వేసుకోండి

క్యామ్రా పద్ధతిలో 0 నుంచి 5. తాగలేనిది 0, ఎలాగో తాగింది 1, పర్వాలేదు 2, మరోటి అడగాలనిపించి వేరే పబ్బుకి వెళ్ళే ఆలోచన మానేస్తే 3, చాలా బాగుంటే 4, దోషమే దొరకనిది 5. మార్కు ఆ రోజు బీరు ఎలా ఉందన్నదానికే, మీకు ఆ రకం నచ్చిందా లేదా అన్నదానికి కాదు. పక్కన తేదీ, వేళ, బీరు పేరు రాయండి. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు 3 దాటితేనే ఆ పబ్బును ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు కూడా "గురువారం సాయంత్రం వెళ్ళు, మైల్డ్ అడుగు" అని చెబితే పనికొస్తుంది. ఉత్త పేరు చెబితే మొదటికే వచ్చాం.

ఎక్కడ మొదలుపెట్టాలి

వెళ్ళేముందు వేళలు చూసుకోండి. వంటగది మూసే వేళ, పబ్ మూసే వేళ ఒకటి కావు.

ఒక్క ఊరే చూడగలిగితే షెఫీల్డ్ వెళ్ళండి. స్టేషన్‌లోనే షెఫీల్డ్ ట్యాప్ ఉంది, పాత ఫస్ట్ క్లాస్ ఫలహారశాలను బాగుచేసి తెరిచారు. అక్కడ అర పైంటు తాగి కెల్హమ్ ఐలండ్ వైపు నడవండి. 1981లో మొదలైన ఫ్యాట్ క్యాట్, దానికి దగ్గర్లోనే కెల్హమ్ ఐలండ్ టావెర్న్. ఈ రెండోది 2008, 2009 వరుసగా రెండేళ్ళు దేశం మొత్తానికి క్యామ్రా ఉత్తమ పబ్. ఏల్ తాగే జనం దండిగా ఉన్న ఊరు కాబట్టి పైన చెప్పిన మూడు రోజుల లెక్క ఇక్కడ తప్పడం అరుదు.

లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కన ది హార్ప్. సన్నటి గది, జనం ఉంటే నిలబడే తాగాలి, 2010 జాతీయ ఉత్తమ పబ్ ఇదే. బరో దగ్గర టాబర్డ్ స్ట్రీట్‌లో రాయల్ ఓక్ హార్వీస్ వాళ్ళది. మైల్డ్, బిట్టర్ తేడా పక్కపక్కన పెట్టుకుని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లండన్‌లో లేదని మా అభిప్రాయం.

మాంచెస్టర్‌లో రోచ్‌డేల్ రోడ్డు మీద మార్బుల్ ఆర్చ్, 1888 నాటి కట్టడం. నేల బార్ వైపు వాలుగా ఉంటుంది, తూలుతున్నది మీరు కాదు. లీడ్స్‌లో బ్రిగ్గేట్ పక్క సందులో విట్‌లాక్స్. నార్విచ్‌లో ఫ్యాట్ క్యాట్ (పైన చెప్పిన షెఫీల్డ్ పబ్ వేరు) రెండుసార్లు, 1998లోనూ 2004లోనూ, జాతీయ ఉత్తమ పబ్. ఇక్కడ చాలా రకాలు పంపు లేకుండా పీపా కుళాయి నుంచే పట్టిస్తారు. ఎడిన్‌బరోలో బో బార్, అక్కడ పాత స్కాటిష్ పద్ధతిలో గాలి ఒత్తిడితో పైకి తెస్తారు.

బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు బ్లాక్ కంట్రీ అనే ప్రాంతానికి వెళ్ళండి. బ్రయర్లీ హిల్‌లో ది వైన్ (Vine) అనే పబ్ పక్కనే బాథమ్స్ బ్రూవరీ ఉంది, బీరు గోడ దాటి వస్తుందంతే. సెడ్జ్‌లీలో బీకన్ హోటల్‌లో సారా హ్యూస్ డార్క్ రూబీ మైల్డ్ అడగండి. పేరు మైల్డ్ గానీ 6 శాతం, ఒక్కటితో ఆపండి. ఆ ప్రాంతంలో పంజాబీలు నడిపే దేశీ పబ్బులూ ఉన్నాయి. మిక్స్‌డ్ గ్రిల్ కోసం తప్పక వెళ్ళవలసినవే, కానీ అక్కడ నడిచేది ఎక్కువగా లాగరే. ఏల్ ముందే తాగి వెళ్ళండి.

ఊరు చిన్నదైతే మైక్రోపబ్ వెతకండి. 2005లో కెంట్‌లోని హెర్న్‌లో బుచర్స్ ఆర్మ్స్‌తో మొదలైన పద్ధతి ఇది: చిన్న కొట్టు, టీవీ ఉండదు, పాట ఉండదు, మూడు నాలుగు పీపాలు.

తరచూ అడిగేవి, తరచూ తప్పేవి

శాకాహారులు: ఏల్ తేటపడటానికి చేప గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ కలపడం పాత అలవాటు. మడ్డితో పాటు అది పీపా అడుగుకి దిగిపోతుంది, అయినా పట్టింపు ఉంటే "వీగన్" అని రాసినదే అడగండి. కౌంటర్ మీద కరకరలాడే పోర్క్ స్క్రాచింగ్స్ పంది చర్మం, చిప్స్ అనుకుని చెయ్యి పెట్టకండి.

రౌండ్లు: నలుగురు వెళ్తే ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొనాలి. మీ వంతు ఎగ్గొట్టడం కంటే ముందే "నేను విడిగా కొనుక్కుంటాను" అనడం మర్యాద. నలుగురి గుంపులో మీరొకరైతే నాలుగు పైంట్లు తప్పవని గుర్తుంచుకోండి. 4 శాతం పైంటు ఒక్కోటీ 2.3 యూనిట్లు (ఆల్కహాల్ కొలత), వారానికి 14 దాటొద్దని అక్కడి వైద్యుల సలహా. అంటే ఒక్క సాయంత్రంలోనే దాదాపు మూడింట రెండు వంతులు అయిపోతాయి. మీ వంతులో అర పైంటు తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

బిర్యానీ తిని నేరుగా వెళ్ళి హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) దట్టించిన ఏల్ అడగడం: చేదు, కారం ఒకదాన్నొకటి ఎగదోస్తాయి, బీరు రుచి తెలియదు. ఆ రోజుకి మైల్డో, పోర్టరో చాలు.